కార్బన్ నేత చూసి డ్యాష్‌బోర్డుకు విలువ కట్టవద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల పునరుద్ధరణ గురించి వచ్చిన వ్యాసాన్ని ఈ-పేపర్‌లో చదివాను. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ దగ్గర, పాత కార్లకు ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ భాగాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేస్తున్న తెలుగువాణ్ణి కాబట్టి, అందులో డ్యాష్‌బోర్డుల గురించి రాసిన భాగాన్ని మరింత శ్రద్ధగా చదివాను. ఇటువంటి విషయానికి ఒక తెలుగు పత్రిక అర పేజీ కేటాయించడం సంతోషకరమే. అయితే నల్లగా మెరిసే కార్బన్ నేత, అంటే కార్బన్ పోగుల బట్ట అల్లిక, కనిపిస్తే చాలు అది మేలురకం డ్యాష్‌బోర్డు అనీ, నేత ఎంత సొగసుగా ఉంటే పనితనం అంత గొప్పదనీ చదివినవారు అనుకునేలా ఆ వ్యాసం ఉంది. మా పనిలో నేత మెరిపించడం అన్నిటికంటే తేలిక. డ్యాష్‌బోర్డు నాలుగు వేసవులు తట్టుకుంటుందా, దానిలో బిగించిన మీటర్లు నిజం చెబుతాయా, ప్రమాదం జరిగినప్పుడు అది మనిషిని గాయపరుస్తుందా అనేవి ఎవరికీ కనిపించని వెనకవైపు తేలే విషయాలు.

వాటి సంగతి చెప్పేముందు ఆ వ్యాసంలోని ఒక వాక్యాన్ని వెంటనే సవరించవలసిందిగా మనవి. ఇంట్లోనే ఫైబర్‌గ్లాస్ డ్యాష్‌బోర్డు చేసుకునే పద్ధతి వివరిస్తూ, ‘యాక్సిలరేటర్, క్యాటలిస్టు కలిపి రెజిన్‌లో పోయాలి’ అన్న అర్థం వచ్చేలా రాశారు. రెజిన్ అంటే పోగులను తడిపి, గట్టిపడి పట్టి ఉంచే ద్రవం. దాన్ని గట్టిపరిచేది క్యాటలిస్టు, ఆ పనిని వేగపరిచేది యాక్సిలరేటర్. బ్రిటన్‌లో పాలిస్టర్ రెజిన్‌ను చాలావరకు యాక్సిలరేటర్ ముందే కలిపి అమ్ముతారు కాబట్టి ఇక్కడ ఆ పొరపాటుకు అవకాశం తక్కువ. మన ఊళ్ళలో మాత్రం రెజిన్, ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్, నీళ్ళలా ఉండే ఎంఈకేపీ అనే క్యాటలిస్టు మూడు వేర్వేరు డబ్బాల్లో దొరుకుతాయి. కోబాల్టును, ఎంఈకేపీని ఒకదానిలో ఒకటి నేరుగా కలిపితే ఆ మిశ్రమం భగ్గున మండవచ్చు, పేలవచ్చు కూడా. కోబాల్టును ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిసిపోయేలా తిప్పి, ఆ తరువాతే, పని మొదలుపెట్టే ముందు, రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం ఎంఈకేపీ కలపాలి. ఎంఈకేపీ కంట్లో చింది వెంటనే కడుక్కోకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోకుండా దాని మూత తీయకూడదు. ఈ సవరణను మీరు విడిగా, నలుగురికీ కనిపించే చోట ప్రచురిస్తే మంచిది.

ఇక అసలు విషయం. పాత స్పోర్ట్స్ కార్ల డ్యాష్‌బోర్డులన్నీ ఒకే కారణం వల్ల పాడవవు. జపాన్‌లో 1969లో ఉత్పత్తి మొదలై అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయిన డాట్సన్ 240 జెడ్ కారులో ఇనుప చట్రం మీద మందపాటి ఫోమ్, దాని మీద వినైల్ తొడుగు ఉంటాయి. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్లు ఎండకు క్రమంగా ఆవిరైపోతాయి. ఆ ఆవిరే ముందు అద్దం లోపలివైపు పొగమంచులాంటి పొరగా పేరుకుంటుంది. మెత్తదనం పోయిన వినైల్ కుంచించుకుపోతుంది, కింది ఫోమ్ గుల్లబారుతుంది, చివరికి మీటర్ల గుంతల మధ్య సన్నటి చోట చీలిక మొదలై అద్దం దాకా పాకుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అనే మాట ఈ కార్ల విషయంలో కాలిఫోర్నియాలోనూ చెల్లుతుంది. చీలిక లేని అసలు 240 జెడ్ డ్యాష్‌బోర్డు ఇవాళ అరుదైన వస్తువు.

బ్రిటిష్ కార్ల కథ వేరు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీలో మొదట ముడతల నల్లరంగు వేసిన ఇనుప రేకు డ్యాష్‌బోర్డు ఉండేది. అది తుప్పు పడుతుందే గాని పగలదు. అమెరికాలో 1968 జనవరి నుంచి కారు లోపలి భాగాలు మెత్తగా ఉండాలన్న భద్రతా నియమం అమల్లోకి రావడంతో, ఆ దేశానికి వెళ్ళే ఎంజీబీలకు పెద్ద మెత్తలాంటి డ్యాష్‌బోర్డు పెట్టారు. దాన్ని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ‘ఆబింగ్డన్ దిండు’ అని వెక్కిరిస్తారు. ఆ మెత్తలకు 240 జెడ్‌కు పట్టిన రోగమే పట్టింది. కొవెంట్రీలోనే తయారైన ట్రయంఫ్ టీఆర్6లో ప్లైవుడ్ మీద అతికించిన నున్నటి చెక్కపొర ఉంటుంది. దాని మీది వార్నిష్ పెచ్చులూడుతుంది, పొర లేస్తుంది. ఆ చెక్కను తీసేసి కార్బన్ డ్యాష్‌బోర్డు పెట్టమని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. మంచి వడ్రంగి చేతిలో బాగయ్యేదాన్ని రెజిన్ పనివాడి చేతికి ఇవ్వడంలో అర్థం లేదు.

మరి కాంపోజిట్ డ్యాష్‌బోర్డు, అంటే గాజు పోగులనో కార్బన్ పోగులనో రెజిన్‌తో గట్టిపరచి చేసినది, నిజంగా ఎవరికి కావాలి? అమెరికాకు ఎగుమతైన బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఎన్నో, తుప్పు పట్టని కాలిఫోర్నియా వాతావరణం పుణ్యమా అని చెక్కుచెదరకుండా మిగిలి, ఇప్పుడు స్వదేశానికి తిరిగివస్తున్నాయి. వాటిలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. కుడివైపుకు మార్చుకునేటప్పుడు కొన్ని మోడళ్ళకు కుడి స్టీరింగ్ డ్యాష్‌బోర్డు దొరకదు, కొన్నిటికి దొరికినా అది పగిలినదే. ట్రాక్ మీద పోటీలకు వాడే కార్లకు మీటర్ల అమరిక మార్చుకోవాలి. కొందరికి ఏసీ గొట్టాలకు చోటు కావాలి. వీళ్ళ అవసరం న్యాయమైనది. అసలు ఫైబర్‌గ్లాస్ ఈ కార్లకు పరాయిది కూడా కాదు. 1953లో మొదటి కార్వెట్ కార్లను అమెరికాలోని ఫ్లింట్‌లో ఫైబర్‌గ్లాస్ బాడీతోనే చేశారు. 1957లో లండన్ ప్రదర్శనలో కనిపించిన లోటస్ ఎలీట్‌కు విడిగా ఛాసిస్సే లేదు, ఆ కారు శరీరమంతా ఫైబర్‌గ్లాస్. కార్బన్ ఫైబర్ మాత్రం చాలా తరువాతిది. ఫార్ములా వన్‌లో పూర్తి కార్బన్ మోనోకాక్‌తో, అంటే చట్రం, శరీరం ఒకటే అయిన నిర్మాణంతో, మెక్‌లారెన్ ఎంపీ4/1 వచ్చింది 1981లో. కాబట్టి 1965 నాటి కారులో ఫైబర్‌గ్లాస్‌తో చేసి, పైన ఆ కాలపు గరుకు వినైల్‌నో, తోలునో కప్పిన డ్యాష్‌బోర్డు ఒదిగిపోతుంది. మెరిసే కార్బన్ నేత మాత్రం ఎంత బాగా చేసినా ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినట్టే ఉంటుంది. ఇది నా అభిరుచి. డబ్బు పెట్టేవారి ఇష్టాన్ని కాదనను.

బరువు తగ్గుతుందన్న వాదన మాత్రం అభిరుచికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. టన్నుకు అటూ ఇటూగా తూగే కారులో డ్యాష్‌బోర్డు మార్చడం వల్ల తగ్గేది కొద్ది కిలోలు, అంటే సగం ట్యాంకు పెట్రోలు బరువు కూడా కాదు. ‘బరువు తగ్గి వేగం పెరుగుతుంది’ అని మీ వ్యాసంలో ఉన్న మాటను అమ్మకందారు ప్రకటన నుంచి తీసుకున్నారేమో అనిపించింది.

ఇప్పుడు అచ్చు గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఎందుకంటే ఈ పనిలో సగానికి పైగా శ్రమ అక్కడే ఉంటుంది, ఫొటోల్లో ఎన్నడూ కనిపించదు. పగిలిన డ్యాష్‌బోర్డు మీద నేరుగా అచ్చు తీస్తే పగుళ్ళతో, వంకరలతో సహా అచ్చు వస్తుంది. అందుకే ముందు దాన్ని కారులోనే, దాని సొంత బోల్టుల మీద బిగించి, పైకి లేచిన అంచులను కిందికి లాగి, చీలికలను పూడ్చి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, 120 నుంచి మొదలుపెట్టి 1200 నంబరు ఎమరీ పేపర్ వరకు రుద్దుతాం. కారులోనే బిగించాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆనాటి కార్ల బాడీలు చేతితో అతికినవి. ఒకే మోడల్ కార్లు రెండింటిని పక్కపక్కన పెట్టి కొలిస్తే అద్దం కింది అంచులు కలవవు. ఒకే కారులో కూడా కుడి సగం, ఎడమ సగం సమానంగా ఉండవు. కంప్యూటర్‌లో ఒక సగం గీసి రెండో సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పేసినవాళ్ళకు ఈ సంగతి బిగించే రోజున తెలుస్తుంది.

డ్యాష్‌బోర్డు అంచులు లోపలికి మడుచుకుని ఉంటాయి, మీటర్ల గుంతలు లోపలికి వాలి ఉంటాయి. ఒకే ముక్కగా అచ్చు చేస్తే వస్తువు లోపలే ఇరుక్కుపోతుంది కాబట్టి రెండు మూడు ముక్కలుగా చేసి, ముక్కలు ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా పిన్నులు పెట్టి బోల్టులతో బిగిస్తాం. ప్యాటర్న్ మీద, అంటే అలా నునుపు చేసిన పాత డ్యాష్‌బోర్డు మీద, అచ్చుల వ్యాక్స్‌ను పలు పూతలుగా పూసి, ఒక్కో పూత ఆరాక తుడిచి, దాని మీద అచ్చు అంటుకోకుండా చేసే పీవీఏ పొర కొట్టి, అప్పుడు అచ్చుకు పైముఖమయ్యే చిక్కటి రెజిన్ పూత, టూలింగ్ జెల్‌కోట్, పూస్తాం. మొదటి పొరగా చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే సన్నటి గాజు పోగుల మ్యాట్‌ను రెజిన్‌తో తడిపి, గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా రోలరుతో నొక్కి, ఆ రాత్రి అలాగే వదిలేయాలి. తొందరపడి 450 గ్రాముల మ్యాట్‌ను ఒకేసారి నాలుగైదు పొరలు వేస్తే రెజిన్ విపరీతంగా వేడెక్కి, కుంచించుకుపోయి, అచ్చు మెలితిరుగుతుంది. తయారుచేసే వస్తువు కంటే అచ్చు కనీసం మూడింతలు మందంగా ఉండాలి, వెనక పక్కటెముకల్లా ఆధారాలు అతికించాలి. చవకలో చేసేవాళ్ళు కోత పెట్టేది ఇక్కడే. పల్చటి అచ్చులో మొదటి డ్యాష్‌బోర్డు బాగానే వస్తుంది, నాలుగోది వంకర వస్తుంది.

అచ్చు సిద్ధమయ్యాక కార్బన్ వేసే పని చూడటానికి అందంగా ఉంటుంది. పోగులు ఏటవాలుగా అల్లిన 200 గ్రాముల ట్విల్ బట్టను మధ్యగీతకు సరిగా ఆనించి, వంపుల్లోకి వేళ్ళతో సర్ది, లోపలి పొరలు పరిచి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల కోర్, అంటే మందం పెంచే తేలికైన పలక, పెడతాం. పలక మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది కాబట్టి ఖరీదైన కార్బన్ పొరలు పెంచడం కంటే తేలికైన కోర్ పెట్టడం మేలు. పైన తరువాత ఒలిచేసే పీల్ ప్లై బట్ట, రెజిన్ పారే వల, ప్లాస్టిక్ సంచి వేసి, పంపుతో గాలి లాగేస్తే, సంచి మీద వాతావరణ పీడనం చదరపు మీటరుకు సుమారు పది టన్నుల లెక్కన నొక్కుతుంది. డ్యాష్‌బోర్డంత వస్తువు మీద అది నాలుగు టన్నులకు పైమాటే. పంపు ఆపి కొంతసేపు గేజీ చూడాలి. ముల్లు కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు వెతకకుండా రెజిన్ వదిలితే లోపల తెల్లటి సూదిబెజ్జాలు మిగులుతాయి. కార్బన్‌కు మేం వాడే రెజిన్ ఎపాక్సీ. దాని విషయంలో ఇంకో మాట చెప్పాలి. పాలిస్టర్‌కు క్యాటలిస్టును కాస్త పెంచి తొందరపెట్టవచ్చుగాని, ఎపాక్సీకి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ సరిగా గట్టిపడదు. తయారీదారు చెప్పిన నిష్పత్తిని త్రాసులో తూచి కలపాలి.

ఇంతవరకు చేసినది చూసి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అచ్చులోంచి తీసిన ఆ కార్బన్ డ్యాష్‌బోర్డు అద్దంలా మెరుస్తూ ఉంటుంది, ఫొటో తీసి పత్రికకు పంపేది కూడా అప్పుడే. కానీ గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. అమెరికాలోని అరిజోనాలో చేసి 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో, వేసవి ఎండలో గంటసేపు నిలిపి ఉంచిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీలకు చేరాయి. అది సగటు మాత్రమే. వాలుగా ఉన్న పాతకాలపు ముందు అద్దం కింద, రెంటచింతలలోనో రామగుండంలోనో, మే నెల మధ్యాహ్నం, నల్లటి డ్యాష్‌బోర్డు అంతకుమించి కాలుతుందని వేరే చెప్పనక్కరలేదు. మెత్తబడిన రెజిన్ కింద నేత గళ్ళు పైకి తేలతాయి, అద్దంలాంటి నునుపు పోతుంది, మీటర్ల బరువుకు మధ్యభాగం కిందికి జారుతుంది, బోల్టుల చుట్టూ పట్టు వదులవుతుంది.

దీనికి మందు పోస్ట్ క్యూరింగ్. వస్తువు ఇంకా అచ్చులో ఉండగానే దాన్ని ఓవెన్‌లో పెట్టి, ఉష్ణోగ్రతను నెమ్మదిగా 60కి, ఆ తరువాత 80 డిగ్రీలకు పెంచి, కొన్ని గంటలు అలాగే ఉంచి, మళ్ళీ నెమ్మదిగా చల్లార్చాలి. రెజిన్ కూడా అటువంటి వేడికి తగినదై ఉండాలి, అచ్చు కూడా ఆ వేడిని తట్టుకునేదై ఉండాలి. ఏ రెజిన్ వాడారు, ఎంత వేడి వద్ద ఎన్ని గంటలు ఉంచారు అని అడిగినప్పుడు తయారీదారు తడబడితే, నేత ఎంత అందంగా ఉన్నా ఆ డ్యాష్‌బోర్డు కొనకపోవడం మంచిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపెక్కి పొడిబారుతుంది కూడా. అందుకే దాని మీద ఆ కిరణాలను ఆపే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, తప్పనిసరి. ఆ కోటు కూడా మెరిసేది కాకుండా మ్యాట్ రకం ఉండాలని మా వర్క్‌షాపులో పట్టుబడతాం. పైభాగం మెరిస్తే ఎదురెండలో దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి రోడ్డు కనిపించదు. పాత రేసు కార్ల డ్యాష్‌బోర్డు పైభాగానికి నల్లరంగు మ్యాట్‌గా కొట్టేది అందుకే.

విద్యుత్తు సంగతి మీ వ్యాసంలో లేనే లేదు. నా లెక్కన అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ఇనుప డ్యాష్‌బోర్డు ఉన్న కారులో మీటర్లకు, వాటిలోని చిన్న బల్బులకు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి, ఆ ఇనుము ద్వారానే అందుతుంది. దాని స్థానంలో ఫైబర్‌గ్లాస్ పెట్టగానే ఆ దారి మూసుకుపోతుంది. బల్బులు మిణుకుమంటాయి, ఒక ఇండికేటర్ వేస్తే ఇంకో దీపం వెలుగుతుంది. చాలా బ్రిటిష్ కార్లలో పెట్రోలు, టెంపరేచర్ మీటర్లకు సగటున 10 వోల్టులు అందించే చిన్న స్టెబిలైజర్ ఒకటి ఉంటుంది. దానికి ఎర్త్ తెగితే మీటర్లకు బ్యాటరీ వోల్టేజీ మొత్తం వెళ్ళి, ట్యాంకులో ఉన్నదానికంటే ఎక్కువ పెట్రోలు చూపిస్తాయి. మంచి కొత్త మీటరు పాడైందని తీసి పారేసిన యజమానులు ఉన్నారు. కాబట్టి ప్రతి మీటరు నుంచి నల్లని ఎర్త్ తీగను విడిగా తీసి, అన్నిటినీ ఒక చోట కలిపి, బాడీ ఇనుముకు బిగించాలి. చాలా బ్రిటిష్ కార్లలో ఉండే లూకాస్ కంపెనీ వైరింగ్‌లో నలుపు ఎర్త్, గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, తెలుపు ఇగ్నిషన్‌తో వచ్చేది, ఆకుపచ్చ దాని ఫ్యూజు దాటినది, ఎరుపు సైడు దీపాలది. ఈ రంగులను మార్చకుండా పనిచేస్తే ఇరవై ఏళ్ళ తరువాత వచ్చే మెకానిక్ మిమ్మల్ని తిట్టుకోడు. ఇంకా ఒకటుంది. 1967 వరకు తయారైన ఎంజీబీలలో బాడీకి కలిపేది బ్యాటరీ పాజిటివ్‌ను. కొత్త ఎలక్ట్రానిక్ మీటరును ఆ సంగతి చూసుకోకుండా కలిపితే అది అక్కడికక్కడే కాలిపోతుంది.

కార్బన్‌తో చిక్కు దీనికి తిరగేసి వస్తుంది. ఫైబర్‌గ్లాస్ కరెంటును అస్సలు పోనివ్వదు, కార్బన్ పోనిస్తుంది, కానీ ఎర్త్‌గా నమ్ముకునేంత బాగా కాదు. గోధుమరంగు తీగ మీది తొడుగు కార్బన్ అంచుకు ఒరుసుకుని తెగితే, ఆ చోటు వేడెక్కి కాలిపోవచ్చు. అల్యూమినియం బ్రాకెట్లను కార్బన్‌కు నేరుగా బిగిస్తే, తేమ తగిలినప్పుడు ఆ అల్యూమినియం తెల్లటి పొడిలా తినుకుపోతుంది, సముద్రతీరంలో అయితే మరీ త్వరగా. రెండింటికీ మందు ఒకటే. వెనకవైపు చివరి పొరగా గ్లాసు బట్ట వేయాలి, మీటర్ల కంతల అంచులకు రెజిన్ పట్టించి రబ్బరు తొడుగు పెట్టాలి. ముందునుంచి చూస్తే ఈ పొర ఉందో లేదో తెలియదు, డ్యాష్‌బోర్డును తిప్పి చూస్తే తెలుస్తుంది.

ప్రమాదం జరిగినప్పుడు కార్బన్ వంగదు, విరుగుతుంది. విరిగిన చోట కత్తుల్లాంటి ముక్కలు బయటికి వస్తాయి. మోకాళ్ళకు ఎదురుగా ఉండే వస్తువు విషయంలో ఇది చిన్న సంగతి కాదు. లోపల ఒక అరామిడ్ పొర, అంటే కెవ్లార్ లాంటి బట్ట, వేస్తే విరిగినా ముక్కలు చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది. అంచులు గుండ్రంగా ఉండాలి. 1968 తరువాత అమెరికాకు వెళ్ళిన కారులో మెత్తటి డ్యాష్‌బోర్డు తీసేసి గట్టి కార్బన్ పలక పెట్టడం అంటే, ఎంత వెక్కిరించినా ఒక మంచి కారణంతో పెట్టిన ఆ దిండును తీసి పారేయడమే. అలాంటి కోరిక వస్తే పైన ఫోమ్, దాని మీద వినైల్ వేసి ఇస్తామని చెబుతాం. స్టీరింగ్ కాలమ్ బ్రాకెట్‌ను మాత్రం ఏ కారులోనూ ఈ పలకకు వేలాడదీయకూడదు. దాన్ని అసలు ఇనుప ఆధారానికే బిగించాలి.

పాత డ్యాష్‌బోర్డును ఏం చేయాలన్నది చాలామంది ఆలోచించరు. ప్రపంచ పాత వాహనాల సంఘాల సమాఖ్య ఫీవా ఆమోదించిన టురిన్ చార్టర్, చేసిన మార్పు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని సూచిస్తుంది. మా పనిలో దాని అర్థం ఏమిటంటే, కొత్త డ్యాష్‌బోర్డు అసలు బోల్టు కంతల మీదే కూర్చోవాలి, బాడీలో కొత్త కంత ఒక్కటి కూడా వేయకూడదు, పాతదాన్ని చీటీ కట్టి, చదునుగా, చీకట్లో దాచాలి. బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేని కార్లకు వార్షిక పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. అక్కడ పెద్ద మార్పులంటే ప్రధానంగా ఛాసిస్, ఇంజిన్, యాక్సిళ్ళ వంటివి. భారతదేశంలో 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాన్ని నంబరులో ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. అందులోనూ ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ల మార్పుల గురించే గట్టిగా చెప్పారు. అయినా ‘అసలు రూపం’ అన్న మాట ఉంది కాబట్టి, అటువంటి నమోదు కోరేవారు తనిఖీకి పాత డ్యాష్‌బోర్డునే బిగించి తీసుకెళ్ళడం మంచిదని నా సలహా.

చివరగా, మీ వ్యాసం ఈ పని మనవాళ్ళకు అందనిదన్నట్టు ముగిసింది. నేను ఒప్పుకోను. బెంగళూరులో 1980లలో తయారైన సిపానీ డాల్ఫిన్ కారు బాడీ ఫైబర్‌గ్లాసే. కాకినాడ, విశాఖ తీరాల్లో మత్స్యకారులు వాడే పడవల్లో చాలావరకు ఫైబర్‌గ్లాసువే. తెనాలిలో, కోనసీమ కొత్తపేటలో శిల్పులు మట్టితో రూపం చేసి, దాని మీద ముక్కలుగా అచ్చు తీసి, అందులో ఫైబర్ విగ్రహాలు పోస్తారు. ముఖం మీది ముడతను కూడా వదలకుండా అచ్చు తీసేవారికి మీటరు గుంత అచ్చు తీయడం కష్టమేమీ కాదు. కాంపోజిట్‌లలో ఉన్నత స్థాయి పని కూడా హైదరాబాద్‌కు కొత్త కాదు. క్షిపణుల కోసం అక్కడి డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో రూపొందిన పదార్థంతోనే, నిమ్స్ ఆసుపత్రిలోని పిల్లలు మోస్తున్న మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లకు, అంటే కాళ్ళకు ఆసరాగా కట్టే పట్టీలకు, బదులు 300 గ్రాముల కాలిపర్లు చేయించిన సంగతిని అబ్దుల్ కలాం గారు పలుమార్లు చెప్పారు. బరువు తగ్గించడం అంటే అదీ.

విగ్రహాల పని చేసేవారికి కొత్తగా కావలసినవి ఒక వ్యాక్యూమ్ పంపు, గ్రాములు సరిగా చూపించే త్రాసు, 80 డిగ్రీలు నిలకడగా పట్టే ఓవెన్, పాలిస్టర్ రెజిన్ నుంచి వచ్చే స్టైరిన్ ఆవిరికి తగిన మాస్కు, ధూళిని లాగే ఫ్యాను. ఇన్సులేషన్ పలకలతో చేసిన పెట్టె, దానికి థర్మోస్టాట్ ఉన్న హీటరు అయినా ఓవెన్‌గా చాలు. మన ఎండల్లో ఒక ఇబ్బంది మాత్రం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే గిన్నెలోని ఎపాక్సీ పనికొచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి నెమ్మదిగా గట్టిపరిచే స్లో హార్డెనర్ తీసుకుని తెల్లవారుజామున పని ముగించుకోవాలి. కోస్తాలో గాలి తేమకు ఎపాక్సీ మీద జిడ్డు పొర ఏర్పడుతుంది, దాన్ని నీళ్ళతో కడగకుండా తరువాతి పూత వేయకూడదు. ఈ పని మొదలుపెట్టదలచిన పనివారు ఎవరైనా మీ పత్రికకు రాస్తే, అచ్చును ఎక్కడ విడదీయాలో చూపే కొలతల బొమ్మలు, ఓవెన్ వేడి పెంచే క్రమం తెలుగులోనే రాసి మీ కార్యాలయానికి పంపుతాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కొవెంట్రీ, ఇంగ్లండ్